పువ్వు ఇక్కడిది, కొండ ఎక్కడిది?

పూల ఫొటోలకు నేపథ్యం మార్చే విద్య ఇప్పుడు ఫోన్ ఉన్న ప్రతి చేతికీ అందింది. రెండు శతాబ్దాల చరిత్ర ఉన్న ఈ ప్రక్రియ అందానికి కొత్త దారులు తెరుస్తూనే, కంటికి కనిపించేదాన్ని ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్ననూ ముందుకు తెస్తోంది.

తెలుగిళ్లలో బ్రహ్మకమలం పూసిన రాత్రి చిన్నపాటి పండగే. ఇరుగుపొరుగును పిలుస్తారు, కొందరు దీపం పెట్టి హారతి ఇస్తారు, అందరూ ఫొటోలు తీస్తారు. తెల్లారేసరికి పువ్వు వాలిపోతుంది, ఫొటో మిగులుతుంది. ఆ ఫొటోలో కుండీ, బాల్కనీ గ్రిల్లు, వెనక ఆరేసిన బట్టలు కూడా ఉంటాయి. వాటిని తీసేసి మంచుకొండను పెట్టడానికి ఇప్పుడు ఫోన్‌లో నిమిషం చాలు. చూడ్డానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా ఆ కొండతోనే.

ఎందుకంటే మన బాల్కనీల్లో పూసే బ్రహ్మకమలం హిమాలయాలది కాదు. వృక్షశాస్త్రంలో ఎపిఫిల్లం ఆక్సిపెటలం అని పిలిచే ఈ మొక్క కాక్టస్ కుటుంబానికి చెందినది. పుట్టిల్లు మెక్సికో దక్షిణ ప్రాంతం, మధ్య అమెరికా. హిమాలయాల్లో వర్షాకాలంలో పూసే అసలు బ్రహ్మకమలం సాసురియా ఆబ్‌వలాటా. అది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది. రెండింటికీ పేరు తప్ప వేరే చుట్టరికం లేదు. కుండీ స్థానంలో మంచుకొండ వచ్చి చేరగానే మెక్సికో పువ్వు హిమాలయ పుష్పంగా మారిపోతుంది. పువ్వు మీద ఒక్క చుక్క కూడా మార్చలేదు. మారింది వెనకున్నదే. అయినా ఫొటో చెప్పే సంగతి పూర్తిగా మారిపోయింది.

పూల ఫొటోల్లో నేపథ్యానికి ఉన్న బలం ఇదే. పువ్వు ఎక్కడ పూసింది, ఎంత పెద్దది, ఏ కాలంలో పూసింది, ఎవరైనా పెంచారా లేక అడవిలో దానంతటదే మొలిచిందా అన్న సంగతులు పువ్వు కన్నా దాని వెనకున్న మట్టీ ఆకులూ ఆకాశమే ఎక్కువగా చెబుతాయి. కేరళలోని మున్నార్ కొండల మీద నీలకురింజి 12 ఏళ్లకోసారి పూస్తుంది. 2006లో పూసింది, మళ్లీ 2018లో పూసింది. కొండంతా నీలిరంగు పరుచుకున్న ఫొటో కనిపిస్తే అది ఏ సంవత్సరానిదో చెప్పడానికి కిందున్న తేదీ చూడనక్కర్లేదు. ఆ నేపథ్యమే తేదీ. దాన్ని మార్చేవారు బొమ్మనే కాదు, సమాచారాన్నీ మారుస్తున్నారు.

చంద్రుడొకరిది, పువ్వొకరిది

నేపథ్యం మార్చే ఆలోచన కంప్యూటర్‌తో పుట్టింది కాదు. కెమెరా కన్నా కూడా పాతది. లండన్‌లో వైద్యుడు రాబర్ట్ జాన్ థార్న్‌టన్ 1799 నుంచి 1807 వరకు విడతలుగా వెలువరించిన 'టెంపుల్ ఆఫ్ ఫ్లోరా' చిత్రాలు అప్పటికి ఎవరూ చూడని పద్ధతిలో వచ్చాయి. అంతవరకు వృక్షశాస్త్ర గ్రంథాల్లో పువ్వు తెల్ల కాగితం మీద ఒంటరిగా ఉండేది. థార్న్‌టన్ ప్రతి పువ్వు వెనకా ఒక దృశ్యాన్ని పెట్టించాడు. వాటిలో బాగా పేరొందినది రాత్రి పూసే కాక్టస్ చిత్రం. ముందు పెద్ద తెల్లని పువ్వు, వెనక వెన్నెల, నీళ్లు, ఒక శిథిల కట్టడం. దాని బురుజు మీది గడియారం అర్ధరాత్రి 12 గంటలు చూపిస్తుంది. ఆ పువ్వు పూర్తిగా విచ్చుకునేది ఆ వేళకే మరి.

ఆ బొమ్మ వేసింది కూడా ఒక్కరు కాదు. పువ్వును ఫిలిప్ రైనగల్ చిత్రిస్తే, వెన్నెల దృశ్యాన్ని అబ్రహాం పెథర్ వేశాడు. ఉష్ణమండల అమెరికా కాక్టస్‌ను ఇంగ్లండ్ వెన్నెల్లో నిలబెట్టిన ఈ బొమ్మ నేటి కాంపోజిట్ ఫొటోకు తాత వంటిది. అందం సంగతి ఎలా ఉన్నా, థార్న్‌టన్‌కు అది లాభం తేలేదు. ఖర్చులు భరించలేక 1811లో పార్లమెంట్ అనుమతి తెచ్చుకుని లాటరీ పెట్టినా గట్టెక్కలేకపోయాడు. 1837లో పేదరికంలోనే చనిపోయాడు.

దాదాపు అదే కాలంలో తెలుగు నేల మీద దీనికి పూర్తిగా భిన్నమైన పని జరిగింది. ఇప్పటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1780లలో మొక్కల తోట పెంచాడు. భారతీయ చిత్రకారులను నియమించి కోస్తా మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలోంచి ఎంపిక చేసిన 300 చిత్రాలు 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' పేరుతో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. వాటిలో వెన్నెల లేదు, బురుజు లేదు. తెల్ల కాగితం మీద కొమ్మ, పక్కనే విప్పి చూపిన పువ్వు భాగాలు, అంతే. కంటిని పక్కకు లాగేది ఏదీ ఉండకూడదని ఆ తెలుపు.

ఈ రెండు దారులూ ఇవాళ్టికీ ఉన్నాయి. పువ్వును ఉన్నదున్నట్టు చూపడం ఒకటి, పువ్వు ఆధారంగా ఊహను అల్లడం రెండోది. దేని విలువ దానిదే. ఒకదాన్ని రెండోదిగా చలామణి చేసినప్పుడే తగవు.

ఆకాశం విడిగా దాచుకున్న రోజులు

ఫొటోగ్రఫీ వచ్చిన తొలినాళ్లలో నేపథ్యం మార్చడం సరదా కాదు, అవసరం. 19వ శతాబ్దపు గాజు ప్లేట్లకు నీలిరంగు మీద అతి మక్కువ. నేల మీది చెట్టూ పుట్టా సరిగ్గా పడేంత సేపు కాంతిని లోపలికి రానిస్తే ఆకాశం మబ్బుల జాడ లేకుండా తెల్లగా మాడిపోయేది. దాంతో ఫొటోగ్రాఫర్లు మబ్బులను విడిగా తీసి నెగెటివ్‌లు దాచుకునేవారు. ప్రింట్ వేసేటప్పుడు వాటిని కలిపేవారు. ఫ్రాన్స్‌కు చెందిన గుస్తావ్ లె గ్రే 1850ల చివర్లో తీసిన సముద్ర దృశ్యాల్లో కొన్ని ఇలా రెండు నెగెటివ్‌ల కలయికే.

1857లో ఆస్కార్ రైలాండర్ 30కి పైగా నెగెటివ్‌లు కలిపి 'టూ వేస్ ఆఫ్ లైఫ్' అనే భారీ దృశ్యాన్ని తయారుచేశాడు. విక్టోరియా రాణి దాని ప్రతిని కొనుగోలు చేసింది. మరుసటి ఏడాది హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగెటివ్‌లతో మరణశయ్య మీది యువతి చిత్రాన్ని కూర్చితే మాత్రం దుమారం లేచింది. ఫొటో అంటే కళ్లెదుట జరిగిందే అన్న నమ్మకం అప్పటికే జనంలో పాతుకుపోయిందన్నమాట. ఇప్పటి వాదోపవాదాలన్నీ ఆ రోజు మొదలైనవే.

మన ఊళ్ల స్టూడియోల్లోనూ ఈ వ్యవహారం పాతదే. తాజ్‌మహల్, జలపాతం, పూలతోట వేసిన గుడ్డ కర్టెన్ల ముందు నిలబడి ఫొటో దిగని పాత కుటుంబం అరుదు. అయితే అక్కడ మోసం లేదు. అది కర్టెన్ అని దిగినవారికీ తెలుసు, చూసినవారికీ తెలుసు. ఫిల్మ్ రోజుల్లో పూల ఫొటోలు తీసేవారికి మరికొన్ని చిట్కాలుండేవి. రెండు స్లైడ్‌లను ఒకదానిపై ఒకటి పెట్టి ఒకే ఫ్రేములో బిగించడం, ఒకే ఫిల్మ్ ముక్క మీద రెండుసార్లు షట్టర్ నొక్కడం, పువ్వు వెనక నల్ల మఖమల్ గుడ్డ పట్టడం వంటివి.

అమెరికాలో థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు రూపొందించిన ఫొటోషాప్ 1990లో మార్కెట్లోకి వచ్చింది. 1994లో విడుదలైన మూడో వెర్షన్‌లో 'లేయర్లు' చేరాయి. పూల ఫొటోలకు అసలు మలుపు అదే. పువ్వును ఒక పొర మీద, నేపథ్యాన్ని మరో పొర మీద ఉంచి, ఒకదాన్ని చెడగొట్టకుండా రెండోదాన్ని ఎన్నిసార్లయినా మార్చుకునే వీలు దొరికింది. రెండు దశాబ్దాలు తిరిగేసరికి అదే పని ఫోన్‌లోకి వచ్చేసింది.

కత్తిరింపు తేలికే, అతకడమే కష్టం

పువ్వును కత్తిరించి మరో బొమ్మ మీద పెట్టడం ఎవరైనా చేయగలరు. అది అక్కడే పూసినట్టు కనిపించేలా చేయడంలోనే పనితనమంతా ఉంది. మందారాన్ని తుప్పుపట్టిన దుకాణం షట్టర్ ముందు నిలపాలనుకుందాం. ఎర్రని రేకులు, గోధుమరంగు తుప్పు, దాని మీద వెలిసిపోయిన పాత అక్షరాలు. మెత్తనిదానికీ గరుకుదానికీ మధ్య తేడాయే ఆ బొమ్మకు ప్రాణం. దాన్ని సాధించాలంటే చూసుకోవాల్సినవి ముఖ్యంగా నాలుగు.

మొదటిది వెలుగు దిక్కు. పువ్వు మీద ఎండ ఎడమ నుంచి పడి, షట్టర్ మీద కుడి నుంచి పడితే ఎంత నేర్పుగా అతికినా చూసేవారి కన్ను ఎక్కడో తేడా పసిగడుతుంది, కారణం చెప్పలేకపోయినా సరే. అందుకే అనుభవజ్ఞులు పువ్వును మబ్బు పట్టిన పూట లేదా నీడపట్టున తీస్తారు. అప్పుడు వెలుగు అన్ని వైపుల నుంచీ సమంగా పడుతుంది కాబట్టి ఏ నేపథ్యంతోనైనా సర్దుకుంటుంది. వెలుగు రంగు కూడా కలవాలి. సాయంత్రపు ఎండ పసుపు వైపు, నీడపట్టు వెలుగు నీలం వైపు మొగ్గుతాయి. రెండింటినీ ఒక రంగుకు తేకుండా కలిపితే పువ్వు కాగితంలోంచి కత్తిరించి అంటించినట్టు కనిపిస్తుంది.

రెండోది అంచు. మొక్క మీద ఉండగా తీసిన పువ్వు అంచుల్లో చుట్టుపక్కల ఆకుల పచ్చదనం ప్రతిఫలిస్తుంది. తుప్పు షట్టర్ ముందుకు వచ్చాక ఆ పచ్చని గీత పువ్వు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేస్తుంది. పువ్వు తీసేటప్పుడే వెనక బూడిదరంగు అట్ట పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. నేపథ్యాన్ని చెరిపేయడం కన్నా 'మాస్క్'తో దాచడం మేలు. పొరపాటున కేసరం ఒకటి పోయినా తిరిగి తెచ్చుకోవచ్చు.

మూడోది చాలామంది మరిచిపోయేది: రేకులు ఇనుప రేకులు కావు. అవి పల్చనివి, వెనక వెలుగును కొంత ముందుకు పంపుతాయి. గడ్డిగులాబీని చీకటి గోడ ముందు పెట్టినప్పుడు రేకుల చివర్లు కాస్త చీకటిని పీల్చుకోవాలి, వెలుగు ముందు పెట్టినప్పుడు మెరవాలి. అంచుల దగ్గర వెనకటి రంగును లేతగా పువ్వులోకి రానిస్తేనే రెండూ ఒకే గాలిలో ఉన్నట్టుంటాయి.

నాలుగోది మసక. పువ్వును దగ్గరగా తీసే మాక్రో ఫొటోల్లో స్పష్టంగా కనిపించే లోతు కొద్ది మిల్లీమీటర్లే. అటువంటి పువ్వు వెనక కిలోమీటరు దూరంలోని కొండ గీత గీసినట్టు కనిపిస్తే నమ్మశక్యంగా ఉండదు. లెన్స్ ఎంత మసక చేసేదో అంత మసక చేయాలి. రెండు బొమ్మల్లోని గరుకుదనాన్నీ సమం చేయాలి. చివరగా, పువ్వు నీడ దాని కింద పడాలి. నీడ లేని పువ్వు గాలిలో తేలుతుంది.

కంప్యూటర్ ముట్టుకోకుండానే ఈ నాలుగు చిక్కులనూ దాటే దారి ఒకటుంది. కావలసిన నేపథ్యాన్ని మెరుపు లేని కాగితం మీద పెద్దగా ప్రింట్ వేయించి పువ్వు వెనక మూరెడు దూరంలో నిలబెట్టడం. పువ్వు మీదా కాగితం మీదా పడే వెలుగు ఒకటే, లెన్స్ తెచ్చే మసక సహజమైనది, అంచుల తంటా లేదు. ప్రింట్ బదులు పోచంపల్లి ఇక్కత్ బట్ట, చిరిగిన సినిమా పోస్టర్, వాననీళ్లు జారుతున్న బస్సు అద్దం, ఎండి బీటలు వారిన చెరువు మట్టి, ఏదైనా పెట్టవచ్చు. పూలతో కూడిన నారకూ వాసన అబ్బినట్టు, పనికిరానిదిగా కనిపించే తుప్పు రేకు కూడా పువ్వు పక్కన చేరితే అందాన్ని సంతరించుకుంటుంది. వింత నేపథ్యాల వెనకున్న రహస్యం ఇదే. ఉద్యానవనంలో గులాబీ ఎవరి కంటా పడకుండా పోవచ్చు. అదే గులాబీ సిమెంటు గోడ ముందు నిలబడితే కన్ను ఆగుతుంది.

పోటీల్లో గీత ఎక్కడ?

కళగా ఎంత మెచ్చుకున్నా, ఫొటోగ్రఫీ సంఘాలు ఈ ప్రక్రియకు హద్దులు గీశాయి. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐఏపీ, ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా, బ్రిటన్‌లోని రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ కలిసి నేచర్ ఫొటోగ్రఫీకి ఒక ఉమ్మడి నిర్వచనం రూపొందించాయి. 2015 నుంచి అమల్లోకి వచ్చిన ఆ నియమాల ప్రకారం ఫొటోలో ఉన్నదాన్ని తీసేయడం, లేనిదాన్ని చేర్చడం, చోటు మార్చడం కుదరదు. విశేషమేమిటంటే సాగుచేసిన మొక్కలకూ సంకర జాతులకూ కూడా అందులో చోటు లేదు. అంటే పెరట్లో పెంచిన గులాబీకి నేపథ్యం మార్చకపోయినా నేచర్ విభాగంలోకి ప్రవేశం దొరకదు. కాంపోజిట్ చిత్రాలకు సృజనాత్మక విభాగాలు వేరుగా ఉన్నాయి. అక్కడ పువ్వును చంద్రుడి మీద నాటినా అడిగేవారు లేరు.

ఈ గీత పోటీల కోసమే కాదు. మొక్కలు ఎక్కడ, ఎప్పుడు పూస్తున్నాయో నమోదు చేయడానికి సామాన్యులు తీసే ఫొటోలు ఇప్పుడు శాస్త్రవేత్తలకు ఆధారం. 2008లో మొదలైన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి వేదికలు నడిచేది వాటి మీదే. అక్కడికి చేరే ఫొటోలో నేపథ్యం మారితే ఒక మొక్క తన ఊరు కాని ఊళ్లో నమోదవుతుంది. అలాగని ఉన్నదంతా చూపించడమూ ఎల్లవేళలా మంచిది కాదు. అరుదైన ఆర్కిడ్ పూసిన చోటు ఆనవాళ్లు ఫొటోలో దొరికితే దాన్ని పెకలించుకుపోయేవారికి దారి చూపినట్టే. అటువంటప్పుడు చోటు తెలియకుండా దాచడమే బాధ్యత. కానీ దాచడం వేరు, మరోచోటని చెప్పడం వేరు.

వార్తా ఫొటోల్లో గీత మరింత గట్టిది. 2015 డిసెంబర్‌లో చెన్నై వరద ప్రాంతాలను ప్రధాని నరేంద్ర మోదీ విమానం నుంచి పరిశీలిస్తున్న ఫొటోలో కిటికీ అవతలి దృశ్యాన్ని వేరే చిత్రం నుంచి అతికించినట్టు బయటపడింది. విమర్శలు రావడంతో ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో దాన్ని తొలగించి విచారం వ్యక్తం చేసింది. అక్కడా మారింది నేపథ్యమే.

హిమాలయాల్లో లేని పువ్వులు

పువ్వు విషయంలో అంత పట్టింపు ఎందుకనేవారు వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరిగిన 'నారీలత'ను గుర్తుచేసుకోవాలి. హిమాలయాల్లో 20 ఏళ్లకోసారి స్త్రీ ఆకారంలో పూస్తుందన్న ఆ పువ్వు ప్రపంచంలో ఎక్కడా లేదు. దాని మూలం థాయ్‌లాండ్‌లో ప్రచారంలో ఉన్న బౌద్ధ గాథల్లోని నారీఫోన్ చెట్టు. మిగతాది బొమ్మలు మార్చినవారి చేతి చలవ. 36 ఏళ్లకోసారి పూస్తుందంటూ తిరిగిన 'నాగపుష్పం' కథ ఇంకా విచిత్రం. ఆ ఫొటోలో ఉన్నది పువ్వే కాదు, సీ పెన్ అనే సముద్రజీవి. దానికి ఎవరూ కంప్యూటర్‌లో కొండను అతికించలేదు. హిమాలయాలన్న ఒక్క మాట కింద రాస్తే చాలింది, నేపథ్యాన్ని చూసేవారి మనసే అల్లుకుంది. దూరపు కొండలు నునుపన్నట్టు, మన ఊరి పువ్వు కన్నా చూడని కొండల పువ్వు మీద నమ్మకం త్వరగా కుదురుతుంది.

వీటివల్ల ప్రాణనష్టం లేకపోవచ్చు. నష్టం మరో రకంగా ఉంది. అబద్ధపు పువ్వులకు అలవాటుపడిన కన్ను నిజంగా వింతైనదాన్ని చూసినప్పుడు కూడా అనుమానిస్తుంది. కొండంతా నీలంగా మార్చే కురింజి ఫొటో చూసి 'ఇదీ ఫొటోషాపే' అని పక్కకు నెట్టేవారు తక్కువేం కాదు. అబద్ధాన్ని నమ్మడం ఒక నష్టమైతే, నిజాన్ని నమ్మలేకపోవడం అంతకన్నా పెద్ద నష్టం.

కృత్రిమ మేధ రాకతో ఇది ఇంకా జటిలమైంది. 2023లో ఫొటోషాప్‌లోనే నాలుగు మాటలు టైపు చేస్తే నేపథ్యాన్ని పుట్టించే సౌకర్యం వచ్చింది. అదే ఏడాది జర్మనీకి చెందిన బోరిస్ ఎల్డాగ్సెన్ సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ పోటీలో గెలిచిన తన చిత్రం ఏఐతో చేసినదని వెల్లడించి బహుమతిని తిరస్కరించాడు. పాతకాలపు కాంపోజిట్‌కూ దీనికీ మౌలికమైన తేడా ఉంది. కాంపోజిట్‌లో పువ్వూ నిజమే, షట్టరూ నిజమే. రెండూ ఎప్పుడో ఒకప్పుడు కెమెరా ముందు ఉన్నవే. వాటి కలయిక మాత్రమే కల్పన. ఏఐ బొమ్మలోని పువ్వు ఏ కొమ్మకూ పూయలేదు. దాని రేకులు లెక్కపెట్టి జాతి చెప్పబోతే వృక్షశాస్త్రజ్ఞుడు తల పట్టుకోవాల్సిందే.

ఫొటో ఎలా తయారైందో దానిలోనే నమోదుచేసే ప్రయత్నాలు సాగుతున్నాయి. 2021లో ఏర్పాటైన సీ2పీఏ కూటమి ఇందుకు ఉమ్మడి ప్రమాణాలు రూపొందించింది. 2023లో లైకా సంస్థ ఆ సదుపాయంతో కెమెరాను విడుదల చేసింది. అయితే చేతులు మారుతున్నకొద్దీ ఫొటోలోని ఇలాంటి వివరాలు రాలిపోతుంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో వెంట దాన్ని తీసిన తేదీ, చోటు వంటి సమాచారం వెళ్లదు. కాబట్టి యంత్రం మీద భారం వేసి ఊరుకుంటే సరిపోదు.

చేయాల్సింది అంత కష్టమైనదేమీ కాదు. అసలు ఫొటోను చెరపకుండా దాచుకోవడం, కలిపిన బొమ్మ కింద ఒక వాక్యం రాయడం. 'మందారం, మా పెరడు, జూన్. నేపథ్యం వేరే ఫొటో' అంటే చాలు. దానివల్ల బొమ్మ అందం తగ్గదు. థార్న్‌టన్ సైతం తన వెన్నెలా గడియారమూ ఎందుకు పెట్టించాడో పుస్తకంలో వివరించాడు. సామర్లకోట బొమ్మలదీ అదే దారి. వాటిలో వెనక ఏమీ లేదు కానీ, పక్క పేజీలో ఆ మొక్క ఎక్కడ పెరుగుతుందో, ఏ కాలంలో పూస్తుందో, తెలుగువారు దాన్ని ఏమని పిలుస్తారో రాక్స్‌బర్గ్ రాసిపెట్టాడు. బొమ్మలో తీసేసిన నేపథ్యాన్ని మాటల్లో తిరిగి ఇచ్చాడన్నమాట. రెండు శతాబ్దాలు దాటినా ఆ మొక్కలను అన్వేషించేవారికి ఆ నాలుగు వాక్యాలు నేటికీ పనికొస్తున్నాయి.